‘హాయ్ సార్’ అని పెట్టి ఆగకండి: ఆఫీస్ మెసేజ్ ఎలా రాయాలి?

కొత్త ఫోన్ వచ్చిందంటే ప్రాసెసర్ ఏంటి, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో అవుతుంది అని అన్నీ చూస్తాం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇంకో సంగతి తెలిసిపోతుంది. ఆ ఫోన్‌తో మనం రోజంతా చేసే పని గేమింగ్ కాదు, 4కే వీడియో కాదు, మెసేజ్‌లు కొట్టడం. లీవ్ అడగాలన్నా మెసేజే, స్టాక్ అయిపోయిందన్నా మెసేజే, మెషిన్ ఆగిపోయిందన్నా మెసేజే. పది వేల ఫోన్ అయినా లక్ష రూపాయల ఫోన్ అయినా ఈ విషయంలో ఒకటే. రాసింది అర్థం కాకపోతే అవతలి మనిషి తిరిగి ఫోన్ చేయాల్సిందే.

అందుకే ఈసారి స్పెసిఫికేషన్లు పక్కన పెట్టి మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. బెంచ్‌మార్క్ ఒకటే పెట్టుకుందాం: మీ మెసేజ్ చదివిన మనిషి మళ్ళీ మీకు ఫోన్ చేయకుండా పని మొదలుపెట్టగలడా? పెట్టగలిగితే అది మంచి మెసేజ్. లేకపోతే ఎన్ని ‘రిగార్డ్స్’ పెట్టినా ఫెయిలే.

ముందు ఒక ఉదాహరణ చూద్దాం. కర్నూలు దగ్గర ఓర్వకల్లు, గని, శకునాల వైపు వెళ్తే కనుచూపు మేర సోలార్ ప్యానెల్స్ కనిపిస్తాయి. అదే 1000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్. అలాంటి ప్లాంట్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్ తన ఇంజినీర్‌కి ఇలా మెసేజ్‌లు పెట్టాడనుకోండి:

“హాయ్ సార్”

“సార్ ఉన్నారా”

“చిన్న ప్రాబ్లం సార్”

“ఇన్వర్టర్ పని చేయట్లేదు”

మొదటి మెసేజ్‌కీ చివరిదానికీ మధ్య 20 నిమిషాలు పోయాయి. ఇంకా ఏ ఇన్వర్టర్ అన్నది తెలీదు, ఎప్పటి నుంచి అన్నది తెలీదు, తన నుంచి ఏం కావాలో ఇంజినీర్‌కి అస్సలు తెలీదు. ఒక మెగావాట్ ఇన్వర్టర్ నిండు ఎండలో గంటసేపు ఆగిందంటే దాదాపు 1000 యూనిట్ల కరెంటు పోయినట్టే. ఇందులో ‘హాయ్ సార్’ వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి.

అదే సంగతి ఇలా రాస్తే?

“సార్, బ్లాక్ 4లో 2వ ఇన్వర్టర్‌కి సర్వీస్ టికెట్ పెట్టొచ్చా? 10:30 లోపు చెప్తే ఈరోజే మనిషి వస్తాడు. పొద్దున 9:40 నుంచి ట్రిప్ అవుతోంది. రెండుసార్లు రీసెట్ చేశాను, ఐదు నిమిషాలకే మళ్ళీ ఆగిపోయింది. ఎర్రర్ స్క్రీన్ ఫొటో కింద పెట్టాను.”

ఇది చదివిన ఇంజినీర్ “పెట్టు” అని ఒక్క మాట కొడితే చాలు, పని కదులుతుంది. అడగాల్సింది మొదటి లైన్‌లోనే ఉంది చూడండి. మర్యాద తెలియక అలా రాయలేదు. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే కదా. ఇంజినీర్ మీటింగ్‌లో ఉండి ఫోన్ వైపు ఒకసారి చూస్తే ఆ రెండు లైన్లే కంట్లో పడతాయి. అక్కడ ‘గుడ్ మార్నింగ్ సార్, హౌ ఆర్ యూ’ అని ఉంటే ఫోన్ మళ్ళీ జేబులోకి పోతుంది.

‘హాయ్’ అని పెట్టి ఆగడం ఒక్కచోట మాత్రం కరెక్ట్. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సర్వీస్‌కి హాయ్ అని కొడితే వెంటనే మెనూ వస్తుంది. అది బాట్ కాబట్టి దానికి విసుగు రాదు. మీ మేనేజర్ బాట్ కాదు.

కడపలో ఒక దొర, కట్టలకొద్దీ ఉత్తరాలు

ఆఫీసు రాత అనేది విడిగా నేర్చుకోవాల్సిన విద్య అని తెలుగులో చాలా ముందే పట్టుకున్న మనిషి ఒకరున్నారు. ఆయన కథ కడపలోనే మొదలైంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు వినగానే మనకు వేమన పద్యాలు, తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు గుర్తొస్తాయి. కానీ 1820లో ఆయన కడపకు వచ్చింది పద్యాల కోసం కాదు, ఉద్యోగం కోసం. ఈస్ట్ ఇండియా కంపెనీలో కలెక్టర్ కింద అసిస్టెంట్. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్ళు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఫ్రెషర్.

ఆ ఉద్యోగంలో టేబుల్ మీదికి వచ్చేవి కావ్యాలు కావు. శిస్తు కట్టలేమని రైతులు పెట్టుకున్న అర్జీలు, దొంగతనం జరిగిందని పోలీసు రిపోర్టులు, కింది ఉద్యోగుల ఉత్తరాలు. కావ్య భాష నేర్చుకున్నంత మాత్రాన వాటిని చదవడం రాదు. అర్జీలో రాసిన భాష వేరు, వ్యాకరణ పుస్తకంలో ఉన్న భాష వేరు. ఈ తేడా బ్రౌన్‌కి బాగా తెలుసు కాబట్టే 1850ల మొదట్లో మద్రాసులో ‘తెలుగు రీడర్’ అనే పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఉన్నదంతా ఉత్తరాలే. సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల ఉత్తరాలు. వాటికి ఇంగ్లీష్ అనువాదం, వ్యాకరణం మీద వివరణలు, చిన్న పదకోశం కూడా జత చేశాడు. తెలుగు నేర్చుకునే దొరలకు ఆయన ఎంచుకున్న పాఠ్యం ఆఫీసు మెసేజ్‌లు అన్నమాట.

అంతటితో ఆగలేదు. ఆఫీసుల్లో వాడే మాటల కోసం 1852లో ‘జిల్లా డిక్షనరీ’, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాల కోసం మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. అర్జీ, దాఖలా, తాకీదు, హుకుం, జమాబందీ... ఇవన్నీ పారశీ, అరబీల నుంచి వచ్చి కచేరీల్లో స్థిరపడ్డ మాటలు. ‘ఇది అచ్చ తెలుగు కాదు’ అని బ్రౌన్ వాటిని పక్కకు నెట్టలేదు. ఆఫీసులో వాడుతున్నారు కాబట్టి అవీ తెలియాలి అన్నాడు. ఇప్పుడు మనం టికెట్, అప్‌డేట్, పెండింగ్, ఎస్కలేట్ అంటున్నది కూడా అదే రకం. ‘వర్క్ పెండింగ్‌లో ఉంది’ అన్నది మంచి తెలుగు మెసేజే. పెండింగ్‌కి కష్టపడి ఒక సంస్కృత మాట వెతికి పెడితే అవతలి వాడు గూగుల్ చేసుకోవాలి.

కడపలో ఎర్రముక్కపల్లె దగ్గర బ్రౌన్ బంగళా ఉండిన చోట ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళు చాలామంది దాని ముందు నుంచే బైక్ మీద వెళ్తుంటారు, లోపలికి మాత్రం పోరు. ఒకసారి పోయి రండి.

అర్జీ అనగానే ఇంకో మాట. మన పాత అర్జీ పద్ధతిలో ముందు ‘మహారాజశ్రీ’తో మొదలై, తర్వాత మన కష్టాలన్నీ వచ్చి, చివర్లో ఎక్కడో అసలు కోరిక వస్తుంది. పదో తరగతిలో మనం నేర్చుకున్న లేఖ కూడా ఆ అచ్చులోదే. ‘గౌరవనీయులైన... ఇట్లు తమ విధేయుడు’ మధ్యలో ఎక్కడో విషయం ఉంటుంది. కాగితం మీద అది నడిచింది, ఎందుకంటే గుమాస్తా పైనుంచి కింది దాకా చదవడం ఉద్యోగంగా కూర్చునేవాడు. ఫోన్‌లో అలా ఎవరూ కూర్చోరు. అయితే ఆ లేఖ పద్ధతిలో ఒకటి మాత్రం మనం అనవసరంగా వదిలేశాం. కుడివైపు పైన ఊరు, తేదీ రాసేవాళ్ళం గుర్తుందా? వాట్సాప్ దానంతటది టైమ్ వేస్తుంది కదా అని మనం అది మానేశాం. కానీ వాట్సాప్ వేసేది మెసేజ్ పంపిన టైమ్. సంఘటన జరిగిన టైమ్ అది వేయదు. ‘మోటార్ కాలిపోయింది’ అని మధ్యాహ్నం 2 గంటలకు మెసేజ్ వస్తే, కాలింది ఇప్పుడా, నిన్న రాత్రా? అది మీరే రాయాలి.

థంబ్స్ అప్ ఎమోజీ దేనికి సాక్ష్యం?

మెసేజ్ తప్పితే ప్రాణం పోయే ఉద్యోగాలు కొన్ని మన చుట్టూనే ఉన్నాయి. వాళ్ళు మాటను ఎలా పంపుకుంటారో చూస్తే ఏ కార్పొరేట్ ట్రైనింగ్‌లోనూ దొరకని పాఠం దొరుకుతుంది.

కరెంటు లైన్ మీద పనిచేసేవాళ్ళకి ‘ఎల్‌సీ’ అనే మాట తెలియకుండా ఉండదు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. 11 కేవీ ఫీడర్ మీద రిపేరు చేయాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటర్ ఆ ఫీడర్‌కి సప్లై ఆపి, రిజిస్టర్‌లో రాసుకుని, అప్పుడు ఎల్‌సీ ఇస్తాడు. లైన్ ఎర్త్ చేసుకున్నాకే స్తంభం ఎక్కాలి. పని అయ్యాక ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగి ఇవ్వాలి. పక్కవాడు ఫోన్ చేసి ‘అయిపోయిందంట, వెయ్యన్నా’ అంటే కుదరదు. ఎల్‌సీ తీసుకున్నా లైన్‌లోకి కరెంటు వచ్చి మనిషి పోయాడనే వార్తలు పేపర్లో మనం చదువుతూనే ఉంటాం. ఒకే సబ్‌స్టేషన్ నుంచి నాలుగైదు ఫీడర్లు పోతుంటాయి. అక్కడ ‘లైన్ ఆపు అన్నా’, ‘ఆపినా’ అన్న రెండు మాటలు సరిపోవు. ఏ ఫీడర్, ఎవరికి, ఎన్ని గంటల నుంచి అన్న మూడూ మాటలో ఉండాలి.

రైల్వేలో దీనికంటే ముచ్చటైన పద్ధతి ఒకటుంది. మన డోన్, ఎర్రగుంట్ల, కడప స్టేషన్లన్నీ గుంతకల్లు డివిజన్ వైపు లైన్లే కదా. సిగ్నల్‌తో ఇంటర్‌లాక్ కాని లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర, రైలు వస్తోందంటే స్టేషన్ మాస్టర్ గేట్‌మన్‌కి ఫోన్ చేస్తాడు. గేట్‌మన్ గేటు వేసి ‘వేశాను’ అంటే చాలదు. తన దగ్గరున్న షీట్‌లోంచి ఒక నంబర్ చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఒకసారి వాడిన నంబర్ కొట్టేస్తారు, మళ్ళీ వాడరు. స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకుంటాడు. ఫలానా మాట ఫలానా మనిషికి చేరింది, అతను ఒప్పుకున్నాడు అన్నదానికి ఆ నంబర్ సాక్ష్యం. మన ఓటీపీ లాంటిదే, కాకపోతే ఓటీపీ కంటే చాలా పాతది.

ఇప్పుడు మన వాట్సాప్ గ్రూప్‌కి రండి. ‘రేపు కస్టమర్ సైట్‌కి 2 యూపీఎస్‌లు, 1 స్టెబిలైజర్ తీసుకెళ్ళాలి’ అని టీమ్ లీడ్ రాస్తే కింద నాలుగు థంబ్స్ అప్ ఎమోజీలు పడతాయి. ఎవరు తీసుకెళ్తున్నారు? నలుగురూనా? ఎవరూ కాదా? బ్లూ టిక్ అంటే చాట్ తెరిచారని మాత్రమే. థంబ్ అంటే ‘చూశాలే’ అని. ఈ రెండూ ప్రైవేట్ నంబర్ కావు. పని తీసుకునేవాడు ఆ పనిని తన మాటల్లో తిరిగి చెప్పాలి: “నేను తీసుకెళ్తా అన్నా. 2 యూపీఎస్, 1 స్టెబిలైజర్, పొద్దున 8కి స్టోర్ నుంచి.” ఇందులో ఏదైనా తప్పుంటే లీడ్ అప్పుడే సరిదిద్దుతాడు. 2 యూపీఎస్‌ల బదులు 2 స్టెబిలైజర్లు పోయాక సరిదిద్దడం కంటే ఇది చవక.

గ్రూప్‌లో ‘ఎవరైనా ఒకసారి చూడండి’ అని రాసేవాళ్ళకి కూడా ఇదే మాట. ఎవరైనా అంటే ఎవరూ కాదు. పేరు పెట్టి ట్యాగ్ చేయండి.

పంపానా, పంపనా?

ఇక్కడ తెలుగువాళ్ళకే వచ్చే చిక్కు ఒకటుంది. మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం. పీ, ఏ, ఎం, పీ, ఏ, ఎన్, యూ అని కొట్టారనుకోండి. అది ‘పంపాను’ కావచ్చు, ‘పంపను’ కావచ్చు. ఒకటి పని అయిపోయిందని, ఇంకోటి చచ్చినా చేయనని! కట్టాను-కట్టను, చెప్పాను-చెప్పను, ఇచ్చాను-ఇవ్వను కాదు గానీ మిగతా చాలా క్రియలది ఇదే బాధ. దీర్ఘం ఒక్కటే తేడా, ఇంగ్లీష్ అక్షరాల్లో ఆ దీర్ఘం మింగేస్తాం. స్నేహితుల మధ్య సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. డీలర్‌కి డబ్బుల గురించి రాసేటప్పుడు సందర్భం మీద వదిలేయొద్దు. జీబోర్డ్‌లో తెలుగు లిప్యంతరీకరణ ఆన్ చేసుకుంటే అవే ఇంగ్లీష్ అక్షరాలు కొడుతూ తెలుగు లిపి తెచ్చుకోవచ్చు. వాయిస్ టైపింగ్ కూడా తెలుగుకి బాగానే పనిచేస్తుంది, పేర్లూ అంకెలూ ఒకసారి చూసుకోవాలి అంతే. అదీ కుదరకపోతే ‘పంపడం అయిపోయింది’ అని రాయండి, ఏ లిపిలో కొట్టినా తిరగబడదు.

మన సీమ వాళ్ళకి ఇంకో మెలిక. మనం మాట్లాడేటప్పుడు ‘నేను పొద్దున్నే బిల్లు కట్టినా’ అంటాం. కట్టినాను అని దాని అర్థం, మన దగ్గర ఎవరికీ డౌట్ రాదు. అదే మెసేజ్ విజయవాడ హెడ్ ఆఫీసులో ఉన్న అకౌంట్స్ మేడమ్‌కి పోయిందనుకోండి. ‘బిల్లు కట్టినా’ అని చదివి, మిగతా సగం కోసం చూస్తుంది. కట్టినా ఏమైంది? కట్టినా రసీదు ఇవ్వలేదా? కట్టినా కనెక్షన్ రాలేదా? వాళ్ళ తెలుగులో అది పూర్తికాని వాక్యం. ‘మాపటికి పంపిస్తా’ కూడా అలాంటిదే. మనకి మాపు అంటే సాయంత్రం, ఇంకో జిల్లావాళ్ళకి ‘రేపో మాపో’లో ఉండే మాపు.

యాస మానేయమని చెప్పడం లేదు. ఆదోనిలో పత్తి వ్యాపారికి ఆదోని మాటల్లో రాస్తేనే పని త్వరగా అవుతుంది, పుస్తకాల తెలుగు రాస్తే ‘ఏమప్పా, లాయర్ నోటీసా?’ అంటాడు. బయటి జిల్లాకు పోయే మెసేజ్‌లో మాత్రం క్రియ, టైమ్ ఈ రెండూ అందరికీ తెలిసిన రూపంలో రాస్తే చాలు. ‘కట్టాను’, ‘సాయంత్రం 6 లోపు’. మిగతా యాస అలాగే ఉండనీండి.

మర్యాద సంగతికొస్తే, మన ఆఫీసుల్లో ‘సార్’, ‘మేడమ్’ ఎలాగూ ఉన్నాయి, వర్క్‌షాప్‌లో సీనియర్‌కి ‘అన్నా’ ఉంది. మెసేజ్‌లో అది ఒక్కసారి, మొదట్లో వస్తే సరిపోతుంది. ప్రతి వాక్యం చివరా ‘సార్’ పెడితే చదివే మనిషికి విషయం కంటే సార్లే ఎక్కువ కనిపిస్తాయి. ‘పంపగలరు’, ‘గమనించగలరు’ అనే సర్క్యులర్ భాష నాకు అస్సలు నచ్చదు. ‘రిపోర్ట్ రేపు పంపగలరు’ అంటే పంపమని అడుగుతున్నట్టా, వాళ్ళు పంపే స్థితిలో ఉన్నారని చెప్తున్నట్టా? ‘రిపోర్ట్ రేపు మధ్యాహ్నం లోపు పంపండి సార్’ అంటే ఏ పెద్దమనిషీ కోపపడడు. తెలుగులో ‘అండి’ ఉన్నదే అందుకు.

ఇక ‘చూద్దాం’, ‘చేద్దాంలే’ సంగతి అందరికీ తెలిసిందే. నోటితో అంటే మొహం చూసి అది అవునో కాదో పట్టేస్తాం. స్క్రీన్ మీద మొహం ఉండదు. కుదరకపోతే ‘ఈ వారం కుదరదన్నా, సోమవారం చేస్తా’ అని రాసేయండి. కాదనడం కంటే తేల్చకుండా వదిలేయడమే అవతలివాణ్ణి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

చెడ్డ కబురు ఎలా రాయాలి

బేతంచెర్ల నుంచి ఫ్లోరింగ్ బండల లోడ్ హైదరాబాద్ పోవాలి. అక్కడ మేస్త్రీలు, కూలీలు రేపు పొద్దున రెడీగా ఉంటారు. లారీ ఆలస్యమైంది. పంపేవాళ్ళ ఆఫీసులో కుర్రాడికి భయం, చెప్తే తిడతారని. రాత్రంతా ఊరుకుని, పొద్దున 9కి ఫోన్ వచ్చాక ‘దారిలో ఉంది సార్’ అంటాడు. ఈ ‘దారిలో ఉంది’ అన్న మాటకు మన దగ్గర విలువ ఎప్పుడో పోయింది.

ఆలస్యం అవుతుందని తెలిసిన నిమిషంలోనే ఇలా పంపితే ఎలా ఉంటుంది: “సార్, రేపు పొద్దున రావాల్సిన బండల లోడ్ మధ్యాహ్నం 2కి వస్తుంది. కూలీలను 2 తర్వాత పెట్టుకోండి. లారీ డోన్ దాటాక టైర్ పోయింది, మార్చడానికి రాత్రి 11 అవుతుందన్నారు. లారీ బయలుదేరగానే లైవ్ లొకేషన్ పెడతాను.” తిట్లు పడవని గ్యారంటీ లేదు. కానీ ఒక పూట కూలి డబ్బులు మిగిలాయి, ఆ సంగతి కస్టమర్‌కి గుర్తుంటుంది. మొదట కొత్త టైమ్, తర్వాత వాళ్ళు మార్చుకోవాల్సింది, ఆ తర్వాతే కారణం. చాలామంది కారణంతో మొదలుపెడతారు, అది సంజాయిషీలా వినిపిస్తుంది.

తక్కువ అక్షరాల్లో రాయడం

మన అమ్మానాన్నల కాలంలో మాటకింత అని డబ్బు కట్టి టెలిగ్రామ్ ఇచ్చేవాళ్ళు. ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అన్న నాలుగు మాటల్లో ఎవరికి, ఏమైంది, ఏం చేయాలి, ఎప్పుడు అన్నీ వచ్చేసేవి. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామ్ ఆగిపోయింది. రాత ఫ్రీ అయ్యేసరికి మనం పొడుగు రాయడం మొదలుపెట్టాం.

ఎస్ఎంఎస్ ఇంకా బతికే ఉంది, దానికి కొలత కూడా ఉంది. ఇంగ్లీష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే. ఎందుకంటే ఒక మెసేజ్‌కి ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు చాలు, తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి 2 బైట్లు పడతాయి. పైగా ఈ 70 మనం పలికే అక్షరాలు కావు. గుణింతపు గుర్తు వేరుగా, పొల్లు వేరుగా లెక్క. ‘కడప’కి 3 చాలు. ‘కర్నూలు’ చూడ్డానికి మూడు అక్షరాలే, లెక్కలో 7. ‘ప్రొద్దుటూరు’ అయితే నాలుగక్షరాలకి 12 తినేస్తుంది! నల్లమల లోపల డేటా సిగ్నల్ అందని చోట్ల పనిచేసేవాళ్ళకి ఎస్ఎంఎస్ ఒక్కటే దిక్కు అయినప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అందుకే చోటు, టైమ్, కావాల్సింది మొదటి ముక్కలోనే పెట్టేయాలి.

ఫోన్‌లో ఉన్నవే, వాడుకోవట్లేదు

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపు ఎడిట్ చేయొచ్చు. స్పెల్లింగ్ తప్పులకి అది బాగుంటుంది. అంకె తప్పు పడితే మాత్రం చడీచప్పుడు కాకుండా ఎడిట్ చేయకండి. 15,000ని 51,000 అని రాస్తే, చదివినవాడు పాత అంకెనే మనసులో పెట్టుకుని పోయి ఉంటాడు. ‘పైన అంకె తప్పు, కరెక్ట్ 15,000’ అని కొత్త మెసేజ్ పెట్టాలి. డిలీట్ ఫర్ ఎవ్రీవన్‌కి రెండు రోజుల పైనే టైమ్ ఉంటుంది. ఆఫీస్ గ్రూప్‌లో అది వాడితే ‘ఏం డిలీట్ చేశాడబ్బా’ అన్న అనుమానం మిగులుతుంది, అందుకని ఎందుకు తీసేశారో ఒక ముక్క రాయండి.

జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ మొదట్లో 5 సెకన్లకే సెట్ అయి ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి పోయి 30 సెకన్లు చేసుకోండి. అటాచ్‌మెంట్ మర్చిపోయామని గుర్తొచ్చేది సరిగ్గా పదో సెకన్‌కి.

మీటర్ రీడింగ్, సీరియల్ నంబర్, ఇన్వాయిస్ లాంటి ఫొటోలు మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, అంకెలు మసకబారతాయి. హెచ్‌డీ ఆప్షన్ నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. 50 మెగాపిక్సెల్ కెమెరా పెట్టుకుని మసక ఫొటో పంపడం ఎందుకు? ఇంకోటి, ఫొటో పెట్టినా ఆ సీరియల్ నంబర్‌ని కింద టైప్ కూడా చేయండి. ఆరు నెలల తర్వాత వారంటీ కోసం వెతికినప్పుడు చాట్ సెర్చ్‌లో దొరికేది టైప్ చేసిందే.

వాయిస్ మెసేజ్‌కి కూడా ఇదే ఇబ్బంది. లైన్ మీద, బండి మీద ఉన్నవాళ్ళకి టైప్ చేయడం కుదరదు, వాయిస్ పంపడంలో తప్పేమీ లేదు. కానీ రెండు నిమిషాల వాయిస్‌లో 1 నిమిషం 40 సెకన్ల దగ్గర చెప్పిన రేటుని వెతకడం ఎవరివల్లా కాదు. వాయిస్ పంపాక కింద ఒక లైన్ కొట్టండి: ‘రేటు, డెలివరీ తేదీ గురించి. రేటు చదరపు అడుగుకి 38.’ స్పీకర్ పెట్టి వినలేని చోట ఉన్న మనిషికి ఆ లైన్ చాలు.

రాత్రి 11:30కి గుర్తొచ్చిన పని గురించి అప్పుడే పంపాలా? జీమెయిల్‌లో షెడ్యూల్ సెండ్ ఉంది, ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్‌లో కూడా ఉంది, పొద్దున 8కి పెట్టేసి పడుకోండి. ఎల్‌సీ లాంటి పని, లోడ్ ఆలస్యం లాంటి కబురు అయితే మాత్రం షెడ్యూల్ కాదు, మెసేజ్ కూడా కాదు. ముందు ఫోన్ చేసి, మాట్లాడిందంతా తర్వాత రెండు లైన్లలో రాసి పంపండి.